నా చేత్తో చేశాననే అబద్ధం

ఈ వేసవి సెలవుల్లో నేనొక పోస్టు పెట్టాను. మీలో చాలామంది చూసే ఉంటారు, నేను పెట్టినవాటిలో అన్నిటికంటే ఎక్కువ లైకులు దానికే వచ్చాయి. పసుపు తిరిగిన గోధుమ రంగు ఎలక్ట్రిక్ గిటారు, వెనకాల మా పెరట్లో కొబ్బరి చెట్లు, కింద క్యాప్షన్: "మా ఇంట్లో, నా చేత్తో, సున్నా నుంచి."

ఆరు మాటలు. వాటిలో మూడు అబద్ధాలు.

పోస్టు పెట్టిన రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. మా ఊరి వడ్రంగి మేస్త్రి గారబ్బాయి, ఐటీఐ చదువుతున్నాడు. "అక్కా, బాగుంది. నాన్న చేసిన మెడ జాయింటు ఫోటోలో బాగా పడింది" అని రాశాడు. పక్కన ఒక నవ్వు బొమ్మ. అంతే. దెప్పిపొడుపు లేదు, ఫిర్యాదు లేదు. నేను మాత్రం ఆ రాత్రి ఫోను బోర్లా పెట్టి పడుకున్నాను.

ఇంట్లో గిటారు చేయడం గురించి రాయమని మన క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు, ఏ చెక్క, ఏ జిగురు, ఎన్ని రోజులు అని రాసిస్తే సరిపోతుందనుకున్నాను. రాయబోతే ఆ మెసేజే అడ్డం వస్తోంది. అందుకని గిటారు గురించే రాస్తాను గానీ, 'నేనే చేశాను' అనే మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తున్నామో కూడా చెబుతాను. కొంతమందికి కోపం రావచ్చు. మొదటి కోపం నా మీద నాకే వచ్చింది కాబట్టి ఫర్వాలేదు.

అసలు ఎందుకు చేయాల్సి వచ్చిందంటే, నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తో అన్నం తినడం నాయనమ్మ మొట్టికాయలతో నేర్పింది గానీ, మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. గిటార్ల షాపుకెళ్తే గోడ నిండా గిటార్లు, ఎడమచేతి వాళ్లకి ఒక్కటీ లేదు. తెప్పించాలంటే ఆలస్యం, పైగా ధర ఎక్కువ. షాపతను "తీగలు తిప్పి వేసుకోండి మేడమ్, జిమి హెండ్రిక్స్ అలాగే వాయించాడు" అన్నాడు. నిజమే, కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని తలకిందులు చేసి, తీగలు మార్చుకుని వాయించాడాయన. కానీ అలా తిప్పితే నాబ్‌లు మోచేతి కిందకి వస్తాయి, చివరి ఫ్రెట్లు అందడానికి కోసిన గుంట పైకి పోతుంది. హెండ్రిక్స్‌కి కుదిరింది. నాకు వచ్చినవి నాలుగు కార్డులు.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే తేల్చేద్దాం. ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చెక్క ఊరికే వచ్చినా నాకు పదకొండు వేలు దాటింది. ట్యూనింగ్ కీలు, గుర్రం (వీణకి బ్రిడ్జిని గుర్రమే అంటారు, నాకు ఆ మాటే బాగుంది), ఫ్రెట్ తీగ, మెడలోపల పెట్టే ఇనుప కడ్డీ, వాల్యూమ్ పాట్లు, అయస్కాంతాలు, రాగితీగ, తీగలు. ఇవన్నీ కొన్నవే. 'సున్నా నుంచి' అన్నానే, ఆ మాట ఇక్కడే ఎగిరిపోయింది.

ఇక చెక్క. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి పనస చెట్టు పడిపోయింది. తాతయ్య దాన్ని సామిల్లులో కోయించి పలకల్ని అటక మీద పెట్టించారు, నాయనమ్మకి ఊయల బల్ల చేయిస్తానని. ఊయల రాలేదు, తాతయ్య పోయారు, పలకలు అటక మీదే ఉండిపోయాయి. నేను అడిగితే నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వీణ చేస్తానంటే తీసుకో" అంది. వీణ కాదు నాయనమ్మా గిటారు అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి అది వీణే.

ఆ మాటలో నిజం లేకపోలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు తరతరాలుగా వీణలు చేసేది పనస చెక్కతోనే. ఒకే మానులోంచి కుండ, దండి, తల అన్నీ తొలిచి తీస్తారు, దాన్ని ఏకాండి వీణ అంటారు. మృదంగానికీ పనసే. కోసిన కొత్తలో పసుపు పచ్చగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి రంగు వేయడానికి పనస చేవనే వాడేవారట. నేను గరుకు కాగితం పట్టినన్ని రోజులూ నా చేతులూ, చున్నీలూ అదే రంగులో ఉన్నాయి.

కోనసీమలో ఉంటూ కొబ్బరి చెక్క ఎందుకు వాడలేదని వాట్సాప్‌లో కనీసం పదిమంది అడిగారు. ముదురు కొబ్బరి మాను అంచు చాలా గట్టిది, పాత ఇళ్లల్లో దూలాలు చూడండి. కానీ లోపలికి వెళ్లేకొద్దీ మెత్తటి గుజ్జు. దానికి మిగతా మానుల్లాగా చేవ తయారవదు, వలయాలుండవు, ఉన్నదంతా పీచే. గిటారు వెడల్పు పలక ఒకటి అందులోంచి తీయడం అయ్యే పని కాదు. కొబ్బరి చిప్పతో రెండు నాబ్‌లు మాత్రం చేశాను. అవి నిజంగా నా చేత్తోనే చేశాను. బాగా రాలేదు.

పలకలు తీసుకుని మేస్త్రి బాబాయ్ పాకకి వెళ్లాను. చుట్టరికం ఏమీ లేదు, ఊళ్లో పిల్లలందరికీ ఆయన బాబాయే. నా ఉద్దేశం ఏంటంటే ఆయన దగ్గర చిత్రికా, ఉలులూ అడిగి తెచ్చుకోవడం. ఆయన మూడు పలకల్నీ ఒక్కొక్కటే ఎత్తి చూశారు, గోటితో కొట్టి విన్నారు, ఒకదాన్ని పక్కన పెట్టేశారు.

"ఇది లోపల చీలిందమ్మాయ్. బయటికి కనపడదు."

మిగతా రెండింటిలో చేవ ఎంతుందో, తెల్లచెక్క ఎంతుందో పెన్సిలుతో గీసి చూపించారు. తెల్లచెక్కకి పురుగు పడుద్దని చెప్పారు. అంగుళం మందానికి ఏడాది ఆరాలి, ఇది ఆరేళ్లు ఆరింది, ఫర్వాలేదన్నారు. ఆరు తీగలు బిగిస్తే మొత్తం దాదాపు 45 కిలోల లాగుడు మెడ మీద పడుతుందని నేను చెప్పగానే ఆయన ముఖం మారింది. "ఇంత సన్నటి మెడ మీద సిమెంటు బస్తా వేలాడదీస్తావా?" అని లోపలికెళ్లి ఒక టేకు ముక్క తెచ్చారు. ఎప్పుడో పడగొట్టిన ఒక మండువా లోగిలి ద్వారబంధంలోది. ఎన్ని దశాబ్దాలు ఆరిందో లెక్కలేదు. ఒక పక్క మేకు చిల్లు కూడా ఉంది. దాన్ని టేకు పుల్లతోనే పూడ్చాం. ఇప్పటికీ ఏడో ఫ్రెట్టు వెనకాల వేలికి తగులుతుంది.

ఆ చిల్లు చూసినప్పుడల్లా నాకు బ్రయాన్ మే గుర్తొస్తాడు. క్వీన్ బ్యాండు గిటారిస్టు. గిటారు కొనే స్తోమత లేక, 1963లో, పదహారేళ్ల వయసులో ఇంట్లో గిటారు మొదలుపెట్టాడు. మెడ కోసం వాడింది ఒక పాత ఇంటి నిప్పుగూటి మీది చెక్క. దానికి పురుగు తొలిచిన చిల్లులుంటే అగ్గిపుల్లలతో పూడ్చాడు. పాత మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు, అమ్మ కుట్టు పెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, ఒక అల్లిక సూది మొన, అన్నీ ఆ గిటారులో ఉన్నాయి. తర్వాత ఎన్నో దశాబ్దాలు స్టేడియాల్లో వాయించింది ఆ గిటారే. ఆయన తర్వాత ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ కూడా తీసుకున్నాడు. ఇంజనీరింగ్ పిల్లలకి చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కథ ఉండదు, అందుకే ప్రతి వీడియోలోనూ ఇదే కథ. కానీ వీడియోల్లో చాలావరకు 'సొంతంగా చేసుకున్నాడు' అనే దగ్గర ఆపేస్తారు. ఆయన మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు. నాన్నా నేనూ కలిసి చేశాం అంటాడు. వాళ్ల నాన్న హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు. దాదాపు రెండేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు.

లియో ఫెండర్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ప్రపంచంలో సగం గిటార్లు ఆయన డిజైన్లకి నకళ్లు. ఆయనకి గిటారు వాయించడం రాదు. రేడియోలు బాగుచేసే షాపు నడిపినవాడు. మెడని బోల్టులతో బిగిస్తే చెడిపోయినప్పుడు విప్పి ఇంకోటి పెట్టొచ్చు అని ఆలోచించాడు, అచ్చం రిపేరు షాపువాడి బుర్ర. అయితే స్ట్రాటోకాస్టర్ ఒక్కడి పని కాదు. గీసింది ఒకరు, వాయించి చూసి వంక పెట్టింది ఇంకొకరు. ఫ్రెడీ టవారెస్, జార్జ్ ఫుల్లర్టన్ పేర్లు గిటారు తల మీద ఉండవు, అంతే తేడా.

మన పక్కకి వద్దాం. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మనందరికీ మాండలిన్ శ్రీనివాస్, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశారు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ఆ జత తీగల మీద గమకం పలికించడం కష్టం. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, మంద్రం కోసం ఐదో తీగ కలిపారు. 'కస్టమ్' అనే మాటకి అసలైన అర్థం ఇది. తనకి కావలసిన రంగు వేయించుకోవడం కాదు, తన సంగీతానికి ఉన్న వాద్యం సరిపోక దాన్ని మార్చుకోవడం. అవతలి వైపు నుంచి జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా ఇదే చేశాడు. శక్తి బృందంలో వాయించడానికి ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించుకుని, వీణ మీద లాగినట్టు తీగ లాగే గిటారు చేయించుకున్నాడు. చేసినాయన పేరు అబ్రహాం వెక్టర్. తర్వాత ఆ మెక్‌లాఫ్లిన్, మన శ్రీనివాస్ ఒకే వేదిక మీద కూర్చుని వాయించారు.

మెక్‌లాఫ్లిన్ గిటారు చేసినాయన పేరు నెట్‌లో అర నిమిషంలో దొరుకుతుంది. మన వీణ విద్వాంసుల పేర్లు ఐదు చెప్పమంటే మీరు చెప్పగలరు, ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు అంటూ. వాళ్ల ఒళ్లో ఉన్న వీణ చేసినవాళ్ల పేరు ఒక్కటి చెప్పమంటే? బొబ్బిలి అంటాం. ఊరి పేరు చెబుతాం.

సరే, నా తప్పు దగ్గరికి వద్దాం. ఇది చెప్పకుండా గిటారు కథ పూర్తి కాదు.

ఫ్రెట్లు ఎక్కడ పెట్టాలో లెక్క ఉంది. ఒక స్థాయిలో పన్నెండు మెట్లు, మెట్టు మెట్టుకీ పౌనఃపున్యం రెండుకి పన్నెండో మూలం రెట్లు, అంటే 1.0595 రెట్లు పెరగాలి. దాన్నిబట్టి మిగిలిన తీగ పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్టు దూరం వస్తుంది. పాతకాలంలో 18తో భాగించేవారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో రాసిన పుస్తకంలో ఈ 18:17 పద్ధతి ఉంది. 648 మిల్లీమీటర్ల తీగకి ఆ పద్ధతిలో వెళ్తే పన్నెండో ఫ్రెట్టు ఉండాల్సిన చోటికి రెండున్నర మిల్లీమీటర్లు ఇవతలే ఆగిపోతుంది. తండ్రి చెవిని నమ్మాడేమో, మనం కాలిక్యులేటర్‌ని నమ్ముతాం.

నేను కాలిక్యులేటర్‌ని నమ్మాను. ఫెండర్ కొలత 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు తీసుకుని చిన్న ప్రోగ్రాం రాసి, ఇరవై రెండు ఫ్రెట్ల గీతలతో పీడీఎఫ్ చేసి, రాజోలులో జిరాక్స్ షాపులో రెండు ఏ-ఫోర్ కాగితాల మీద ప్రింటు తీయించాను. రెండూ అతికించి, చెక్క మీద అంటించి, సన్నటి రంపంతో ఒక్కో గాటూ కోశాను. ఇది మాత్రం బాబాయ్‌ని ముట్టుకోనివ్వలేదు. ఇది లెక్కల పని, నా పని అనుకున్నాను. రెండు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక, ఊరికే, ఒక ఫోటో కోసం స్కేలు పెట్టి చూస్తే పన్నెండో గాటు 324 దగ్గర ఉండాల్సింది 314 దగ్గర ఉంది.

ప్రింటరులో 'ఫిట్ టు పేజ్' పెట్టి ఉంది. నూటికి తొంభై ఏడు శాతానికి కుదించేసింది. మొదటి ఫ్రెట్టు దగ్గర తేడా ఒక్క మిల్లీమీటరే కాబట్టి కంటికి ఆనలేదు.

వీణకైతే మెట్లు మైనంలో కూర్చుంటాయి. చెవితో వింటూ ఒక్కో మెట్టూ జరిపి నిలబెడతారు. శ్రుతి తప్పితే మైనం వేడిచేసి మళ్లీ కట్టొచ్చు. గిటారుకి ఆ దయ లేదు, రంపపు గాటు ఒక్కసారే. నేను పాకలో ఆ చెక్క ముందు కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పడానికి. ఆన్‌లైన్‌లో తెప్పించిన రోజ్‌వుడ్ పలక అది.

బాబాయ్ వచ్చి చూశారు. ఏమైందో చెప్పాను. అన్ని గాట్లూ తప్పా, కొన్నేనా అని అడిగారు. అన్నీ ఒకే లెక్కన తప్పాయన్నాను.

"అన్నీ ఒకే లెక్కన తప్పితే తప్పేముందమ్మాయ్? గుమ్మం చిన్నది కోశావు. తలుపు చిన్నది పెట్టుకో."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఫ్రెట్ల మధ్య ఉండాల్సింది నిష్పత్తి. అది చెడలేదు. తీగ పొడవు 648 అనుకున్నది నేను. దాన్ని 628 చేసుకుంటే ప్రతి గాటూ సరైన చోటే ఉంటుంది. గుర్రానికి ఇంకా చిల్లులు వేయలేదు. దాన్ని మెడ వైపు దాదాపు ఇరవై మిల్లీమీటర్లు జరిపితే చాలు. ఇంటికొచ్చి లెక్కేసి చూస్తే ఇంకో తమాషా. 25.5 అంగుళాల్లో 97 శాతం అంటే 24.74. గిబ్సన్ గిటార్ల కొలత 24.75! ఒక జిరాక్స్ మిషను నా ఫెండర్‌ని గిబ్సన్ చేసేసింది. తీగ పొడవు తగ్గితే అదే శ్రుతికి లాగుడు కూడా తగ్గుతుంది, వర్గం లెక్కన ఆరు శాతం. ఇప్పుడు నా గిటారు తీగలు వేలికి కాస్త మెత్తగా ఉంటాయి. చూసినవాళ్లందరూ "కావాలనే పెట్టావా?" అని అడుగుతారు. మొదట్లో అవుననే చెప్పాను.

నిష్పత్తి గురించి నేను రెండు సెమిస్టర్లు చదివాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ చెక్క ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. గుర్తు చేసినాయన రోజూ అదే పని చేస్తారు. ఒకటి తప్పితే మిగతావాటిని దానికి సరిచేయడం. మన సిలబస్‌లో దానికి పేరుంది, ఆయన దగ్గర దానికి పేరు లేదు, అంతే.

పికప్ సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను, ఈసీఈ వాళ్లు అడుగుతున్నారు కాబట్టి. అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్ట, పైన ఇనుప తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో వోల్టేజి పుడుతుంది, ఫారడే సూత్రం. చెప్పడం ఇంత తేలిక. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, తలవెంట్రుకంత. మా ఊళ్లో రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు చుట్టే షాపాయన దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని "ఇది తీగా, సాలెగూడా?" అన్నారు. అమ్మ కుట్టు మిషను చక్రానికి బాబిన్ బిగించి, చుట్లు లెక్కపెట్టడానికి హాల్ సెన్సరు, ఆర్డునో పెట్టాను. మొదటిసారి మూడు వేల దగ్గర తెగింది. రెండోసారి నాలుగు వేల దగ్గర తెగింది. చేత్తో తీగని ఎంత లాగి పట్టాలో మోటార్ల షాపాయనే చూపించారు, రెండు వేళ్ల మధ్య చిన్న గుడ్డముక్క పెట్టి. మూడోసారి 7,600 చుట్లు పూర్తయ్యాయి, మీటరు పెడితే 5.4 కిలో ఓములు. ఆ సాయంత్రం అమ్మని మిషను దగ్గరికి రానివ్వలేదని ఇప్పటికీ అంటుంది.

ఒంటి చుట్ట పికప్ కాబట్టి గుంయ్‌మని 50 హెర్ట్‌జ్ హోరు ఉంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు చుట్టల్ని ఎదురెదురుగా పెట్టి ఆ హోరుని కొట్టేశాడు. నాకు రెండోది చుట్టే ఓపిక లేదు. వంటింటి అల్యూమినియం రేకుతో గుంతంతా కప్పి, ఎర్తు కలిపాను. సగం తగ్గింది. పనస చెక్క వల్ల వీణ నాదం వస్తోందా అని అడిగేవాళ్లకి నా జవాబు: రావట్లేదు. ఎలక్ట్రిక్ గిటారులో శబ్దాన్ని ఎక్కువగా తేల్చేది తీగలూ, పికప్పూ, అది ఉన్న చోటూ. లెస్ పాల్ 1940 ప్రాంతంలో ఒక పైన్ దుంగకి తీగలు కట్టి వాయించాడు. చూడ్డానికి గిటారులా లేదని రెండు పక్కలా గిటారు రెక్కలు అతికించాక జనం ఒప్పుకున్నారంటారు. నాయనమ్మకి మాత్రం ఈ పేరా చదివి వినిపించను.

ఇప్పుడు పంపకం లెక్క చూడండి. పలకలు ఎంచడం, చదును చేయడం, మెడ కూర్చునే గాడి, లోపల కడ్డీకి కాలవ, ఇవన్నీ బాబాయ్ పని, లేదా ఆయన చెయ్యి నా చేతి మీద ఉండగా చేసిన పని. ఉలికి సాన పట్టడం నేర్పడానికే ఆయనకి ఒక పూట పోయింది. గాట్లు, పికప్, వైరింగ్, లక్క పాలిష్, గంటలు గంటలు గరుకు కాగితం నావి. ఆఖరి రోజు "కూలెంత బాబాయ్?" అంటే "చదువుకునే పిల్ల దగ్గర కూలేంటి" అన్నారు. నేను సంతోషంగా సరే అనేశాను! ఇంటికొచ్చి చెబితే అమ్మ తిట్టింది. ఆ నాలుగు రోజులూ ఆయన ఎవరింటి కిటికీల పనో ఆపుకున్నారట. ఊళ్లో ఇప్పుడు అందరూ రెడీమేడ్ తలుపులూ, యూపీవీసీ కిటికీలూ పెట్టిస్తున్నారు, అలాంటి పని దొరకడమే తక్కువ. అమ్మ డబ్బు కవర్లో పెట్టి పంపింది. ఆ కవరు వెనక్కి రాలేదు.

నా వాదన ఇక్కడుంది. నేను నాలుగు రోజులు చెక్క పని చేస్తే నన్ను 'మేకర్' అన్నారు. నలభై ఏళ్లు చేసినాయన్ని ఎవరూ అలా అనరు, ఆయన వడ్రంగి. నేను చేస్తే హాబీ, ప్రతిభ, రెజ్యూమేలో ఒక లైను. ఆయన చేస్తే కూలి. చేసే పనిలో తేడా ఉందని మీరు అంటే, ఉంది, ఆయన మెడ జాయింటులో కాగితం దూరదు. నా గాట్లు ఎక్కడున్నాయో చెప్పాను కదా.

ఇది నా ఒక్కదాని సంగతీ కాదు. మన ప్రాజెక్టు రిపోర్టులు తెరవండి. అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో పెద్దలందరి పేర్లూ డిగ్రీలతో సహా ఉంటాయి. తర్వాత 'తల్లిదండ్రులకు, మిత్రులకు'. ఆ చాసిస్ వెల్డింగ్ చేసినాయన పేరు ఉంటుందా? లేత్ దగ్గర నిలబడి మన చేత మూడుసార్లు షాఫ్ట్ తిప్పించిన ల్యాబ్ టెక్నీషియన్ పేరు? పూర్తిగా బయట కొనేసిన ప్రాజెక్టుల గురించి నేను మాట్లాడటం లేదు, వాటికి వేరే వ్యాసం కావాలి. నిజంగా కష్టపడి చేసినవాటి గురించే చెబుతున్నాను. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో నేను టీ-ల్యాప్ జాయింటు సగం కోసి వదిలేస్తే, మిగతా సగం కోసిచ్చింది అక్కడి అటెండరు గారు. రికార్డులో 'నేను చేసితిని' అని రాసి పది మార్కులు తీసుకున్నాను. క్యాప్షన్ రాయడం అక్కడే నేర్చుకున్నానేమో.

ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఆయనకి పేరు అక్కర్లేదు కదే, అడగలేదు కదా" అని. అడగలేదు. కూలీ అడగలేదు. కానీ కవరు వెనక్కి పంపలేదు, కొడుకు మెడ జాయింటు ఫోటోలో వెతుక్కున్నాడు. ఇంకెలా అడగాలి? ఇంకొకతను అన్నాడు, అలా అయితే ఫ్రెట్ తీగ తయారు చేసిన ఫ్యాక్టరీ వాళ్ల పేర్లు కూడా రాయాలి కదా అని. అది మాట కోసం మాట. నాతో కూర్చున్నవాళ్ల పేర్లు రాయమంటున్నాను. వాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

క్యాప్షన్ మార్చాను. ఇప్పుడు పొడుగ్గా ఉంది, ఎవరూ చదవరు. వెనకపక్క రేకు విప్పితే పికప్ గుంతలో పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి. బాబాయ్, మోటార్ల షాపాయన, అమ్మ, చెట్టు వేసిన తాతయ్య. అల్యూమినియం రేకు మీద పెన్సిలు సరిగ్గా పడలేదు, పక్కన చెక్క మీద రాయాల్సి వచ్చింది.

కాలేజీ తెరిచే ముందు రోజు గిటారు తీసుకుని పాకకి వెళ్లాను. చిన్న యాంప్లిఫయరు కూడా పట్టుకెళ్లాను గానీ కరెంటు లేదు. ఉత్తినే తీగలు మీటి నాకొచ్చిన నాలుగు కార్డులూ వాయించాను. బాబాయ్ విన్నారో లేదో తెలీదు. గిటారు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, మెడ ఒంటితో కలిసే చోట బొటనవేలితో రెండుసార్లు రాసి చూశారు.

"ఇక్కడ ఇంకా దిగాలమ్మాయ్" అంటూ గరుకు కాగితం కోసం బల్ల కింద చెయ్యి పెట్టారు.